ఏ పొయ్యి పెట్టమంటావు, ఫిలిస్?

హార్లో కార్నర్, మెయిన్
నవంబర్ 9, శనివారం పొద్దున

ప్రియమైన ఫిలిస్‌కి,

నీ ఎదురింటి ఏవిస్ టిబెట్స్ రాసుకునేది. పోర్ట్‌లాండ్‌లో మీ అమ్మాయి ఇంట్లో నువ్వూ, మీ ఆయన ఓరిన్ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేమూ కులాసా అని రాయడం మర్యాద. కానీ రాయలేను. మా ఆయన హార్లన్ కుడిచేతికి మూడు వేళ్లు లేవు. ఎడమ చెవి వినపడదు. మా వంటింట్లో పొయ్యి ఉండాల్సిన చోట నల్లటి మరక ఉంది. నేను మాత్రం బాగానే ఉన్నాను. నిద్ర కూడా బాగా పడుతోంది, ఆ సంగతి చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంది.

ఎనిమిది నెలలుగా ఒక్క ముక్క రాయని దానివి, ఇప్పుడేం ముఖం పెట్టుకుని రాస్తున్నావే అంటావు. పనిబడి రాస్తున్నాను. నాకో సలహా కావాలి. ఇన్సూరెన్స్ మనిషి వచ్చి, ఇప్పుడు వాడుతున్న పాత రేకు పొయ్యి పనికిరాదు, నెలాఖరులోగా ఇల్లు వెచ్చబరిచే సరైన పొయ్యి బిగించకపోతే ఇంటికి పూచీ తీసుకోం అని చెప్పి వెళ్లాడు. కట్టెల పొయ్యి పెట్టనా, రంపపు పొట్టు గుళికలతో మండే ఆ గుళికల పొయ్యి పెట్టనా? ఈ ఊళ్లో రెండింటితోనూ కాపురం చేసి, రెండింటితోనూ ఏడ్చింది నువ్వొక్కదానివే. అందుకని నిన్ను అడుగుతున్నాను.

హార్లన్‌ని అడిగితే ఏమంటాడో నీకు తెలుసు. గుళికలు చూడ్డానికి దాణాలా ఉంటాయి కదా, ఆ కోళ్ల దాణా పొయ్యి గడప దాటి లోపలికొస్తే తాను గడప దాటి బయటికి పోతానంటున్నాడు. పొమ్మన్నాను. కోటు గుండీలు కూడా నేనే పెట్టాల్సిన మనిషి ఎక్కడికి పోతాడు? ఆ మాట అన్నందుకు ఎడమచేత్తో కాఫీ కప్పు విసిరాడు. గురి ఇంకా కుదరలేదు, గోడకి తగిలింది.

జరిగిందంతా మీ గుమ్మంలో నుంచి నీకు తెలుసు. మా గుమ్మంలో నుంచి ఎలా జరిగిందో తెలియదు. అందుకే మొదట్నుంచీ రాస్తాను. విసుక్కోకుండా చదువు.

ఓరిన్ భుజం అరిగిపోయి, ఇక గొడ్డలి ఎత్తలేనని కట్టెల పొయ్యి పీకేసి గుళికల పొయ్యి పెట్టించిన రోజు నీకు పండగ. బూడిద తక్కువ, దుమ్ము లేదు, సంచీ విప్పి పోస్తే దానంతట అదే మండుతుందని నన్ను పిలిచి చూపించావు. నాకు కడుపు మండిపోయింది, అబద్ధమెందుకు. ఇంటికొచ్చి హార్లన్‌కి చెప్పాను. మర్నాడు ఊరి హోటల్లో ఓరిన్ తలుపు తీసుకుని లోపలికి రాగానే హార్లన్ కోడిలా కూశాడు. అందరూ నవ్వారు. ఓరిన్ కూడా నవ్వాడు. వారం తర్వాత మీ గుమ్మం మీద కోళ్ల దాణా సంచీ పోసి వచ్చాడు. అప్పుడూ ఓరిన్ నవ్వి, దాణా చీపురుతో ఊడ్చి మా కోళ్లకే తెచ్చి వేశాడు.

అలా నవ్వడమే హార్లన్‌కి గిట్టలేదు. ఇద్దరూ ముప్పై ఏళ్లు ప్రతి వసంతంలోనూ కలిసి చెట్లు కొట్టారు. రంపం ఇతనిది, ట్రాక్టరు అతనిది. రెండిళ్ల కట్టెలూ కలిపి కోసి, కలిపి చీల్చి, మధ్యాహ్నం మన ఇద్దరం తెచ్చిన క్యారేజీలు కలిపి తినేవాళ్లు. ఓరిన్ పొయ్యి మార్చేసరికి హార్లన్ అడవిలో ఒంటరివాడైపోయాడు. ఆ మాట నోటితో చెప్పుకోవడం అతనికి చేతకాదు. అతనికి ఏ బాధొచ్చినా చేతుల్లోంచే బయటికొస్తుంది. ఆ సంగతి అతను విరగ్గొట్టిన నా మోచేతికి తెలుసు, నా దవడకి తెలుసు, నీకూ తెలుసు.

రైతు సంఘం వాళ్ల గ్రేంజ్ హాల్లో, ఊరంతా కలిసి తినే శనివారం బీన్స్ భోజనాల రోజు మళ్లీ కూశాడు. ఈసారి ఓరిన్ నవ్వలేదు. చేతిలో ఉన్న ఇనుప గరిటతో హార్లన్ చెవి మీద ఒక్కటిచ్చాడు. హార్లన్ అతన్ని బల్ల మీదికి తోసి, కింద పడ్డాక బూటుతో పక్కలో తన్నాడు. రెండు పక్కటెముకలు విరిగిన చప్పుడు నేను విన్నాను. నలుగురు పట్టుకుని లాగితేగానీ వదల్లేదు. లారీలో ఇంటికొస్తూ ఆ ఇంటి గడప తొక్కావంటే నీ కాళ్లు విరగ్గొడతానని నాతో అన్నాడు. ఊరికే అన్న మాట కాదది.

తర్వాత జనవరిలో గడ్డకట్టే వాన కురిసింది. చెట్లు విరిగి తీగల మీద పడి కరెంటు పోయింది. కరెంటు లేకపోతే గుళికల పొయ్యి ఉత్త ఇనప్పెట్టె. ఓరిన్ కొట్టంలో నుంచి పాత కట్టెల పొయ్యి ఈడ్చుకొచ్చి బిగించాడని మీ పొగ చూసి తెలుసుకున్నాను. కట్టెలన్నీ అమ్మేసుకున్నారని కూడా నాకు తెలుసు. రెండోరోజు మీ పొగ నల్లగా వచ్చింది, రంగు వేసిన చెక్కేదో కాలుస్తున్నారని అర్థమైంది. మూడోరోజు ఒక గీతలా వచ్చి ఆగిపోయింది. హార్లన్ పురపాలక లారీ మీద రోడ్ల మంచు తొయ్యడానికి తెల్లారకముందే వెళ్లి పదింటికి వచ్చేవాడు. నేను మంచు మీద లాగే పిల్లల పాత స్లెడ్డు తీసి, దొంతి చివర నుంచి పది కట్టెలు వేసుకుని రోడ్డు దాటాను.

నువ్వు తలుపు తీసినప్పుడు నీ పెదాలు నీలంగా ఉన్నాయి. వంటింటి కుర్చీల్లో ఒక్కటే మిగిలి ఉంది. దాన్లో ఓరిన్ దుప్పటి కప్పుకుని కూర్చుని, నా స్లెడ్డు చూసి ముఖం తిప్పుకున్నాడు. తిప్పుకుంటే తిప్పుకున్నాడులే, ముందు పొయ్యి ముట్టించు అన్నాను. నాలుగు రోజులు అలా తెచ్చాను. ఆ నాలుగు పొద్దులూ నీతో తాగిన కాఫీ మీదే ఈ ఏడాదంతా బతికాను ఫిలిస్.

మా ఇంట్లో కట్టెలు ఆడది ముట్టుకోదు. నలభై తొమ్మిదేళ్లలో వంటింట్లో కట్టెల పెట్టె నింపేది, పొయ్యి ముట్టించేది హార్లనే. దొంతిలో ఎన్ని వరసలో, ఏ వరసలో ఏ చెట్టో అతనికి కంఠతా వచ్చు. నేను కట్టెలు మొయ్యడం మొదలెట్టిన మూడోరోజు భోజనం దగ్గర, ఎవడో మన కట్టెలు ఎత్తుకుపోతున్నాడు అన్నాడు. నేను బంగాళాదుంపల తొక్కు తీస్తున్నాను. తల ఎత్తలేదు. నేనే ఇచ్చానని అంటే ఆ కత్తి నా చేతిలో నుంచి అతని చేతిలోకి పోతుందని భయం. ఆ ఒక్క పూట నోరు విప్పి ఉంటే, నాకు ఏదో ఒక ఎముక విరిగేది. ఓరిన్‌కి రెండు కళ్లూ ఉండేవి.

ఈ కొండల్లో పాతకాలం మగవాళ్లు దొంగకి పెట్టే ఉచ్చు నీకు తెలియనిది కాదు. కట్టెలో తొర్ర తొలిచి, తుపాకీ మందు కూరి, బిరడా కొట్టి, దొంతి మీద పెడతారు. ఎవడి పొయ్యి పేలితే వాడు దొంగ. సొంతింట్లో వాళ్లు పొరపాటున కాల్చకుండా ఆ కట్టె చివర మేకు కొడతారు, ఇంట్లో వాళ్లకి ముందే చెబుతారు. హార్లన్ మేకైతే కొట్టాడు, నాకు చెప్పలేదు. చెప్పడం ఎందుకు? దొంతి వైపు వెళ్లే ఆడది ఆ ఇంట్లో లేదు కదా. నేను మీకోసం వెతికి వెతికి బరువైన మేపుల్ కట్టె ఏరాను. బాగా ఆరింది, ఎక్కువసేపు మండుతుందని. చలికి చేతులు కొంకర్లు పోతుంటే చివర మేకుందో లేదో ఎవరు చూస్తారు?

ఆరోజు హార్లన్ పని నుంచి వచ్చి రొట్టె మీద వెన్న రాసుకుంటున్నాడు. రోడ్డవతల చప్పుడైంది. మా కిటికీలు అదిరాయి. అతను కత్తి పక్కన పెట్టి, "దొరికాడు" అన్నాడు. మళ్లీ కత్తి తీసుకుని రొట్టె రెండో వైపు రాశాడు.

నేను చెప్పులతోనే మంచులో పరిగెత్తాను. మీ వంటింటి తలుపు సగానికి చీలిపోయి ఉంది. పొయ్యి తలుపు ఎదురు గోడలో దిగబడి ఉంది. ఓరిన్ నేల మీద వెల్లకిలా పడి ఉన్నాడు, ముఖంలో ఒక వైపు ముఖమే లేదు. నువ్వు అతని స్వెట్టరుకి అంటుకున్న నిప్పుని ఒట్టి చేతులతో కొడుతున్నావు. అతను అరవడం లేదు, నువ్వు అరుస్తున్నావు. నన్ను చూడగానే "ఏం తెచ్చావే మా ఇంట్లోకి?" అన్నావు.

ఆస్పత్రిలో షెరీఫ్ మనిషి కింబల్ వచ్చి, కట్టెలు ఎక్కడివని అడిగినప్పుడు నేను మంచం కాళ్ల దగ్గరే నిలబడి ఉన్నాను. ఓరిన్ ఉన్న ఒక్క కంటితో నా వైపు చూశాడు. నా మోచేతి వైపు చూశాడు. "నేనే ఎత్తుకొచ్చా. హార్లన్ దొంతిలోవే" అన్నాడు. కింబల్ రాసుకున్నాడు. నా నోట్లో నాలుక ఉంది, అది కదల్లేదు. రెండు పక్కలా తప్పుందని, ఎవరి మీదా కేసు పెట్టనని కింబల్ తేల్చేశాడు. ఊరు మాత్రం ఒక్క పక్కే తేల్చింది. మీ తపాలా పెట్టె మీద ఎర్ర రంగుతో దొంగ అని రాశారు. భోజనాల వంటవాళ్ల జాబితాలో నుంచి నీ పేరు కొట్టేశారు. ఇరవై ఏళ్లు వాళ్లకి వండి పెట్టిన పేరు. మార్చిలో మీ అమ్మాయి కారు వచ్చి మిమ్మల్ని తీసుకెళ్లేటప్పుడు కిటికీ తెర వెనక నిలబడి చూశాను. తలుపు తీసుకుని బయటికి రాలేదు.

ఆ పేలుడు నాటి నుంచే హార్లన్ పెద్దమనిషి అయిపోయాడు. హోటల్లో కాఫీ అతనికి ఊరికే పోసేవాళ్లు. మీ పొయ్యి తలుపు మడతబందు ఒకటి మంచులో దొరికితే తెచ్చి, మా వంటింటి గోడకి మేకు కొట్టి వేలాడదీశాడు. వచ్చినవాళ్లకల్లా చూపించేవాడు. తొమ్మిది నెలలు దాని కింద నిలబడి అంట్లు తోమాను. కొట్టంలో తొలిచి పెట్టుకున్న కట్టెలు ఇంకా రెండు మూడు ఉండేవి, ఈసారి ఎవడు దొరుకుతాడో చూద్దాం అని నవ్వేవాడు.

వేసవిలో మీ అల్లుడు వచ్చి మీ వంటింట్లో కొత్త కట్టెల పొయ్యి బిగించి, పెట్టె నిండా కట్టెలు పేర్చి వెళ్లాడు. అది చూసి మీరు తిరిగొస్తారేమోనని నాకు ఆశ పుట్టింది. నవంబర్ చివర్లో థాంక్స్‌గివింగ్ పండగ లోపు ఒకసారి వచ్చి ఇల్లు చూసుకుంటామని నువ్వు పోస్టాఫీసు మేబెల్‌కి రాశావట. ఆవిడ కడుపులో మాట దాగుతుందా? కొట్లో పదిమంది ముందు చదివినంత పని చేసింది.

అక్టోబర్ పధ్నాలుగు, సోమవారం, మొదటిసారి నీళ్లు గడ్డకట్టాయి. హార్లన్ పొయ్యి ముట్టించి, కట్టె మీద కట్టె వేసి, మోకాళ్ల మీద కూర్చుని ఊదుతున్నాడు. నేను పెరట్లో కోళ్ల దగ్గర ఉన్నాను. అదే చప్పుడు. ఈసారి మా కిటికీలు అదరలేదు, ఊడిపోయాయి. లోపలికి వెళ్లేసరికి పొయ్యి మూత పైకప్పులో ఇరుక్కుని ఉంది. హార్లన్ లేచి నిలబడి తన కుడిచెయ్యిని ఎవరిదో అన్నట్టు చూసుకుంటున్నాడు. వేళ్లలో ఒకటి సింకులో ఉంది. నెత్తురు కాలువ కడుతుంటే అంట్ల గుడ్డతో మణికట్టు బిగించి కట్టాను. బలంగా కట్టాను. అప్పుడు మొదలుపెట్టాడు అరవడం. దేవుణ్ణి తిట్టాడు, నన్ను తిట్టాడు, మందుని తిట్టాడు. అంబులెన్సు రావడానికి నలభై నిమిషాలు పట్టింది. అంతసేపూ అతని తల నా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. జాలి వేయలేదని రాస్తే నన్ను రాక్షసి అనుకుంటావు. జాలి వేసింది. దాంతోపాటు ఇంకోటి కూడా వేసింది.

కింబల్ మళ్లీ వచ్చి అడిగాడు. "మర్చిపోయా. నాదే పొరపాటు" అన్నాడు హార్లన్. నలభై తొమ్మిదేళ్లలో ఆ మాట అతని నోట మొదటిసారి విన్నాను. కాఫీ ఊరికే పోసిన హోటల్ వాళ్లే ఇప్పుడు అతని ఊసెత్తితే పొట్ట పట్టుకుని నవ్వుతున్నారట. తన ఉచ్చులో తనే కాలు పెట్టాడని పక్క ఊళ్లకి కూడా పాకింది. నాకైతే నవ్వు రాలేదు.

ఇక అసలు విషయం. పోయిన శనివారం బీన్స్ భోజనాలకి హార్లన్‌ని తీసుకెళ్లాను. కట్టు కట్టిన చెయ్యి బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు, నేను చెంచాతో తినిపిస్తున్నాను. పక్కన ఎవరో, పాపం ఓరిన్ లాంటి దొంగకోసం పెట్టింది నీకే తగిలింది కదయ్యా అన్నారు. చెంచా కింద పెట్టి లేచాను. "ఓరిన్ దొంగ కాదు. కట్టెలు నేనే మోసుకెళ్లి ఇచ్చా. నాలుగు రోజులు ఇచ్చా. అతను నన్ను కాపాడ్డానికి దొంగనని చెప్పాడు, నేను నోరు మూసుకుని చూశా" అన్నాను.

హార్లన్‌కి కుడి చెవి బాగానే వినిపిస్తుంది. ముందున్న మట్టి గిన్నె ఎడమచేత్తో అందుకుని కొట్టాడు. ఈసారి గురి కుదిరింది. కనుబొమ మీద పగిలింది. నాలుగు కుట్లు పడ్డాయి. నెత్తురు కంట్లోకి కారుతుంటే కూర్చోలేదు, చెప్పాల్సింది మొత్తం చెప్పాను. గడ్డకట్టే వాన సంగతి, మీ కుర్చీల సంగతి, నా మోచేతి సంగతి. కింబల్ హార్లన్‌ని కుర్చీలో అదిమి పట్టుకున్నాడు. హాల్లో ఒక్కరూ తినలేదు. ఎవరో ఏడ్చారు, ఎవరో బయటికి వెళ్లిపోయారు.

వెళ్లిపోయిన ఆ మనిషి మర్నాడు పొద్దున బకెట్టూ, బ్రష్షూ పట్టుకుని మీ తపాలా పెట్టె మీద ఎర్ర రంగు గోకుతూ కనిపించాడు. అది రాసింది తానేనని చెప్పలేదు, నేను అడగలేదు. పేరు నీకు రాయను. జాబితాలో నీ పేరు మళ్లీ ఎక్కించారు, డిసెంబర్ మొదటి శనివారం రొట్టెలు నీ వంతు. మేబెల్ నీకు ఉత్తరం రాస్తానంది, చదివి నవ్వుకో, కానీ కోపగించుకోకు.

అందుకే అడుగుతున్నాను, వచ్చేయండి ఫిలిస్. చూసిపోవడానికి కాదు, ఉండడానికి. ఓరిన్ ఈ ఊళ్లో తలెత్తుకుని నడవాలి. నడుస్తుంటే నేను చూడాలి. ఈ ఉత్తరంలో నాకు కావాల్సింది అదొక్కటే, మిగతాదంతా ఆ మాట దగ్గరికి రావడానికి తిరిగిన దారి.

పొయ్యి సంగతి కూడా ఆలోచించి పెట్టాను, తప్పయితే చెప్పు. కట్టెల పొయ్యికి ఒక మగవాడి భుజం కావాలని హార్లన్ నన్ను ఇన్నేళ్లు నమ్మించాడు. నేను లేకపోతే గడ్డకట్టి చస్తావు అనేవాడు. ఈ నెల్లో ఆ రేకు పొయ్యి కోసం గొడ్డలి నేనే పట్టాను. డెబ్బై ఒకటో ఏట పట్టినా బాగానే చీలుతోంది, మనసులో ఎవరినైనా పెట్టుకుని కొడితే ఇంకా బాగా చీలుతుంది. కాబట్టి చేతకాక గుళికల పొయ్యి కోరుకోవడం లేదు. కట్టె లోపల ఏముందో పైకి తెలియదు, పేర్చిన చేతిని నమ్మాలి. ఈ ఇంట్లో నాకు ఆ నమ్మకం లేదు. గుళికలంటే రంపపు పొట్టు, చిటికెన వేలంత ముక్కలు. వాటిలో ఎవడూ ఏమీ దాచలేడు.

కరెంటు పోతే ఏం చేస్తావే అంటావు. బ్యాటరీ పెడితే కొన్ని గంటలు లాగుతుందని కొట్లో అన్నారు. గడ్డకట్టే వాన గంటల్లో పోతుందా? అప్పుడు మీ ఇంటికి వస్తాను. మీ వంటింట్లో కొత్త కట్టెల పొయ్యి ఉంది కదా. మీ ముందుగదిలో ఊరికే పడున్న ఆ గుళికల పొయ్యి నాకు ఇచ్చెయ్, నా వంటింట్లో బిగించుకుంటాను. హార్లన్ కోడిలా కూసింది ఏ పొయ్యిని చూసో, ఆ పొయ్యి ముందే చేతులు చాపుకుని కూర్చుంటాడు. చేతులంటే ఉన్నంత మేరకి.

గోడ మీద బందు పీకేశాను. ఆ మేకు బెజ్జంలో ఇంకా ఏదీ తగిలించలేదు.

ఓరిన్‌కి నా నమస్కారం చెప్పు. ఉన్న కంటికి చుక్కలు మర్చిపోకుండా వెయ్యి. మీ అమ్మాయికి నా మీద కోపం ఉంటే ఉండనీ, దాని కోపం న్యాయమైనదే.

రోడ్డుకి ఇవతల నుంచి, నీ జవాబు కోసం చూస్తూ,
ఏవిస్

తా.క.: కవరు అంటించి, మళ్లీ విప్పాను. పైన రాసిందాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ ఒకటి దాచాను. దాచిపెట్టి నిన్ను రమ్మంటే, ఆస్పత్రిలో నోరు మూసుకున్న ఏవిస్ ఇంకా చావలేదన్నమాట.

మా ఇంట్లో పేలిన కట్టె మా దొంతిలోది కాదు. అక్టోబర్ పదకొండున, ఎప్పుడో నువ్విచ్చిన, మా తలుపు పక్కనే వేలాడే తాళంచెవితో మీ ఇంట్లో ఎలుకలు దూరాయేమో చూద్దామని వెళ్లాను. మీ కొత్త పొయ్యి పక్కన, మీ అల్లుడు నింపిన పెట్టెలో, అన్నిటికంటే పైన ఆ కట్టె ఉంది. చివర మేకు ఉంది. పరాయి ఇంట్లో పెట్టినా అలవాటు కొద్దీ మేకు కొట్టాడు. మీరు థాంక్స్‌గివింగ్‌కి వస్తారని మేబెల్ నోట అతనూ విన్నాడు ఫిలిస్. వచ్చి ముందుగా ముట్టించేది ఓరిన్ అని అతనికి తెలుసు. ముప్పై ఏళ్లు కలిసి కట్టెలు కొట్టిన మనిషికి ఉన్న ఆ ఒక్క కంటి కోసం పెట్టాడు.

మా పెరట్లోనే వాగుంది, అందులో పడెయ్యొచ్చు. కింబల్‌కి తీసుకెళ్లి చూపించొచ్చు. ఆ రెండూ నాకు తోచాయి. నేను పట్టకారుతో మేకు పీకి, సోమవారం పొద్దున హార్లన్ లేవకముందు మా పెట్టెలో పైన పెట్టాను. అతను ఎప్పటిలాగే చివర చూసుకున్నాడు. మేకు లేదు. వేశాడు. నేను పెరట్లోకి వెళ్లి నిలబడ్డాను.

పొయ్యి మాత్రమే పోతుందనుకున్నానని రాయబోయి ఆగాను. అది అబద్ధం. ఏం పోయినా సరే అనుకున్నాను.

అతనికి తెలుసు. ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు, "దానికి మేకుండాలే" అన్నాడు. "దేనికి?" అని అడిగాను. చెబితే ఆ కట్టె ఎక్కడ పెట్టాడో కూడా చెప్పాలి. నోరు మూసుకున్నాడు. కింబల్ దగ్గర పొరపాటు తనదేనన్నది కూడా అందుకే. అప్పట్నుంచి తన కంచంలో నుంచి నేను ముందు ఒక ముద్ద తింటే గానీ తినడు. తింటున్నాను.

ఇప్పుడు నీ ఎదురింట్లో ఎవరున్నారో నీకు పూర్తిగా తెలిసింది. మీ పెట్టెలోని కట్టెలన్నీ తీసి, ఒక్కొక్కటీ అన్ని వైపులా తడిమి, తిరిగి నేనే పేర్చాను. వాటిలో ఏమీ లేదు. కానీ ఆ పొయ్యి వెలిగించాలంటే నువ్వు నా మాట నమ్మాలి. నమ్మగలవో లేదో చూసుకుని రా.